ఇచ్చిన చేయి ఏమి పుచ్చుకొనవచ్చును?



మన సంఘపు బిడ్డ యొకడు పట్టణములో ఒక సహాయ సంస్థయందు పని చేయుచున్నాడు. మొన్న ఇంటికి వచ్చినప్పుడు, ఆరాధన ముగిసి అందరును వెళ్లిన తరువాత, గుడి అరుగుమీద నాయొద్ద కూర్చుండి, “అయ్యగారూ, ఈ పని మానేద్దామనుకుంటున్నాను” అనెను. పగలంతయు జనులతోను, రాత్రి పొద్దుపోవువరకు కాగితములతోను గడచుచున్నదట. ఇరువది కుటుంబములకు బియ్యమిచ్చిన, ఇరువదియొకటవ ఇంటివారు తిట్టుచున్నారట. “మంచి చేద్దామని వెళ్లాను, లెక్కలు రాసే గుమాస్తానయ్యాను” అని కంట నీరు పెట్టుకొనెను.

అతనితో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము తీయించితిని. యెరూషలేములో విధవరాండ్రకు అనుదినము ఆహారము పంచునప్పుడు, గ్రీకు భాష మాట్లాడువారి విధవరాండ్రకు అందుటలేదని సణుగుడు పుట్టెను. అపొస్తలులు ఆ సణుగుడును తప్పుపట్టలేదు, పంపకమును ఆపనులేదు. మంచిపేరు గల ఏడుగురిని ఏర్పరచిరి. హతసాక్షియని మనము తలంచు స్తెఫను మొదట ఈ పనికే ఏర్పడినవాడు గదా! పౌలును, బీదల నిమిత్తము కూర్చిన చందా విషయములో తనమీద నింద రాకుండునట్లు నమ్మకమైన తోడివారిని పెట్టుకొనెను. గనుక లెక్క వ్రాయుటయు పరిచర్యయే. ఇక ఇరువదియొకటవ ఇంటివారి తిట్టు న్యాయమైనదే కావచ్చును. వారి ఆకలి జాబితాకెక్కలేదు.

ఇంతవరకు నాకు సులభముగానే ఉండెను. అప్పుడతడు మరియొక సంగతి చెప్పెను. పుచ్చుకొన్న ప్రతివారిని ఫొటో తీయవలెనట. వెనుక సంస్థ బ్యానరు, చేతిలో సంచి, ముఖమున నవ్వు. “నవ్వమ్మా అని నేనే చెప్పాలయ్యగారూ.”

నేను మాటలాడలేకపోతిని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును కొట్టిన తరువాత నేనును ఒక బృందముతో అక్కడి పల్లెలకు వెళ్లి టార్పాలినులు పంచితిని. ఫొటోకు నిలువబెట్టినప్పుడు ఒక ముసలమ్మ పైటకొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొనెను. “కొంగు తియ్యమ్మా” అంటిని. తీసెను. ఇల్లు కురియుచున్నది, తీయక ఏమి చేయును? ఆ ఫొటో ఎక్కడున్నదో ఎరుగను గాని ఆ కొంగు ఇంకను నా కన్నులయెదుటనే యున్నది.

వేలిముద్ర పుచ్చుకొనుట దాతకు లెక్క చెప్పుటకు. నవ్వు పుచ్చుకొనుట వెల పుచ్చుకొనుట కాదా? ఫొటో లేనిదే దాతలు ఇయ్యరు, వారు ఇయ్యనిదే ఆ ముసలమ్మకు టార్పాలిను లేదు అందురు. అది త్రోసివేయదగిన మాట కాదు. నేనును ఆ దినమున అట్లే అనుకొంటిని.

మన తాతలు ధాత కరువు అని చెప్పుకొన్న 1876-78 కరువులో, ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు పట్టి, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి ఇప్పించెను. ఆయన పూర్వము అమెరికాలో భూములు కొలిచిన సర్వేయరు గనుక ఆ పని చేతనాయెను. అప్పుడు అనేకులు బాప్తిస్మము అడిగిరి. ఆయన కరువు తీరువరకు ఇయ్యలేదు. మిషనుకు చందాలిచ్చువారికి ఆ లెక్క ఎంత ఇంపుగా ఉండెడిదో ఊహించుడి! సహాయము ఆగిపోయిన తరువాత కూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనము ఆ సంఖ్యనే పండుగగా చెప్పుకొందుము. నాకైతే దానికి ముందు ఆయన పుచ్చుకొనక ఊరకున్న నెలలే గొప్పవిగా తోచుచున్నవి.

“అయితే ఏం చెయ్యమంటారు?” అని అబ్బాయి అడిగెను. “ముందు సంచి చేతికిచ్చి, తరువాత అడుగు నాయనా. వద్దంటే ఊరకుండు” అంటిని. “ఉద్యోగం పోతే?” అనెను. దానికి నాయొద్ద జవాబు లేకపోయెను. సోమవారము తెల్లవారి బస్సుకు వెళ్లిపోయెను.

పోయిన వారము ఫోను చేసెను. మనుష్యులకు బదులు, కప్పిన ఇండ్ల ఫొటోలు పంపుటకు పై అధికారి కొంతవరకు ఒప్పుకొన్నాడట. ముఖముల సంగతి ఇంకను తేలలేదు. తిట్టిన ఆ ఇరువదియొకటవ ఇంటి ఇల్లాలు, ఇప్పటికిని బియ్యమందని ఆమె, ఎండలో పోవుచున్న ఇతనిని పిలిచి మజ్జిగ ఇచ్చి, “అన్నం తిన్నావా బాబూ?” అని అడిగెనట.