కబురు అందిన తర్వాత

మా బంధువుల అబ్బాయి మైక్రోబయాలజీ చదువుతున్నాడు. ఒకరోజు కోపంలో చెల్లెలి మీద చెయ్యి చేసుకున్నాడు. మందలిస్తే, "నా చేతిలో ఏముంది మామూ? అంతా రసాయనాల పని. బాక్టీరియా ఆహారం వైపు తిరిగినట్లే ఇదీనూ" అన్నాడు. పాఠకులారా! చదువుకున్నవారి నోట ఈ మాట తరచూ వింటూనే ఉన్నాం. కనుక వాడు తెచ్చిన ఉదాహరణనే కాస్త పరిశీలిద్దాం.

మన పేగుల్లో నివసించే ఇ. కోలై పొడవు మిల్లీమీటరులో సుమారు 500వ వంతు. దాని లోపలి పొరకు ఆధారం కొవ్వు పదార్థం. ఆహారపు జాడను పసిగట్టే గ్రాహక ప్రోటీన్లు ఆ పొరలోనే నాటుకుని ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది మేకూ కాదు, జిగురూ కాదు. ప్రోటీను గొలుసులో 20 పైచిలుకు అమైనో ఆమ్లాలున్న భాగానికి నీరు పొసగదు. అది మెలిక తిరిగిన కడ్డీలా కొవ్వులో ఒదిగిపోతుంది. ఒక్కో గొలుసు ఇలా పొరను రెండుసార్లు దాటుతుంది. నీటితో పొసిగే భాగాలు పొరకు అటూ ఇటూ ఉండిపోతాయి. చారులో నూనె చుక్కలు ఒకచోట చేరడం మన ఇళ్ళలో రోజూ చూసేదే. ఇక్కడ ఉన్నదీ ఆ సూత్రమే.

అస్పార్టేట్ అనే పదార్థం వచ్చి గ్రాహకం బయటి భాగాన్ని అంటుకుంటే, పొరలోని కడ్డీ సుమారు ఒక పరమాణువంత దూరం జరుగుతుంది. ఆ చిన్న కదలికే లోపలికి కబురు. పదార్థం లోపలికి రానక్కర్లేదు. గాలక్టోజ్ అనే చక్కెరను వాడుకోలేని బాక్టీరియా కూడా దాని వైపే ఈదుతాయని అమెరికా శాస్త్రవేత్త జూలియస్ ఆడ్లర్ 1969లో చూపాడు. అంటే పసిగట్టడం వేరు, తినడం వేరు. తనకు అక్కరకు రాని దాని వైపు కూడా ఆ జీవి పోతూనే ఉంటుంది! దానికి ఉన్న జ్ఞాపకం కొన్ని సెకన్లదే. ఆగి, "ఇది నాకెందుకు?" అని అడగలేదు.

మనలోనూ కబుర్లు రసాయనాల ద్వారానే వస్తాయి, కాదనను. ఆకలీ అలాంటి కబురే. అయినా ఇంటికి అతిథి వస్తే, ఆకలితో ఉన్న తల్లి దస్తర్‌ఖాన్ మీద ముందు అతనికే వడ్డిస్తుంది కదా?

"అదీ మరో రసాయనమే" అన్నాడు వాడు.

కావచ్చు. కాని కిందటి నెల కాలేజీలో ఒక లెక్చరర్ మీద వాడికి ఇంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆ సంగతి వాడే చెప్పాడు. అప్పుడు చెయ్యి లేవలేదు. ఆ రసాయనాలు చెల్లెలి ముందే ఎందుకు ఆగలేకపోయాయని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. చెల్లెలిని క్షమాపణ అడుగుతానన్నాడు. ఇంకా అడగలేదు.