గ్రహాల ఛాయాచిత్రాలు: నిజానికి పూచీ ఎవరిది?

గురుగ్రహం ఫోటో ఒకటి మన ముందుకు వచ్చినప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఫోటో గనక నిజమేనని కొందరంటారు. ఈ రోజుల్లో కంప్యూటరు పెట్టి ఏ బొమ్మనైనా ఎలాగైనా మార్చవచ్చు గనక దేన్నీ నమ్మరాదని మరికొందరంటారు. మొదటివారిది అమాయకత్వమనీ, రెండోవారిది శాస్త్రీయ దృష్టి అనీ పైకి కనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ చేసే పొరపాటు ఒకటే. నిజమనేది బొమ్మ లోపలే ఎక్కడో ఉంటుందనీ, మనిషి చెయ్యి పడకపోతే మిగులుతుందనీ, పడితే పోతుందనీ ఇద్దరి నమ్మకమూ. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి ఔత్సాహికులు, అంటే జీతానికి కాక ఇష్టం కొద్దీ ఆకాశాన్ని చూసేవారు, తీసే గ్రహాల ఫోటోలు మంచి ఉదాహరణ.

ముందు ఆ ఫోటో ఎలా తయారవుతుందో తెలియాలి. గురుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు కూడా మన కంటికి పున్నమి చంద్రుడి వ్యాసంలో సుమారు నలభయ్యో వంతు మాత్రమే ఉంటాడు. ఆ కాస్త వెలుగూ మన గాలిపొర గుండా రావాలి. ఎండకు కాగిన తారురోడ్డు మీద దూరపు వస్తువులు ఎలా వణుకుతూ కనిపిస్తాయో, టెలిస్కోపులో గ్రహం అలా వణుకుతుంది. ఒక్క ఫోటో తీస్తే దక్కేది మసక ముద్ద. కాని ఆ వణుకు మధ్య అప్పుడప్పుడు ఒక్క క్షణం గాలి నిలకడగా ఉంటుంది. అలాంటి అదృష్ట క్షణాలు ఎంత తరచుగా దొరుకుతాయో డేవిడ్ ఫ్రీడ్ అనే శాస్త్రజ్ఞుడు 1978లో లెక్క కట్టాడు. చవక వీడియో కెమెరాలు, కంప్యూటర్లు అందుబాటులోకి వచ్చాక ఔత్సాహికులు తమ పెరట్లోనే ఈ సూత్రాన్ని అమలులో పెట్టారు. రెండు మూడు నిమిషాల్లో వేల ఫ్రేముల వీడియో తీస్తారు. కంప్యూటరు వాటిని స్పష్టతను బట్టి వరస పెడుతుంది. మంచివి, ఏ పదో వంతో, ఉంచుకుని తక్కినవి పారేస్తారు. ఉంచుకున్నవాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తారు. నూరు ఫ్రేములు సగటు చేస్తే బొమ్మలోని గరుకు పదో వంతుకు తగ్గుతుంది. గురుడు పది గంటల లోపే తన చుట్టూ తాను తిరుగుతాడు గనక ఆ కొద్ది నిమిషాల కదలికను కూడా లెక్క చూసి సరిచేస్తారు. చివరకు మసకలో అణగివున్న సన్నని వివరాలను గణితంతో పైకి తీస్తారు.

అంటే మనం చూసే బొమ్మ ఏ ఒక్క ఫ్రేములోనూ లేదు. ఏ ఒక్క క్షణంలోనూ ఏ కంటికీ అది అలా కనిపించలేదు. అంతమాత్రాన అది కల్పన అవుతుందా?

సాహిత్య విద్యార్థులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. "ఫోటోగ్రాఫిక్ వాస్తవికత" అనే మాటను మన విమర్శలో నిందగానే వాడుతూ వచ్చాం. ఎదురుగా కనిపించిన ప్రతిదాన్నీ ఎత్తి రాసినంత మాత్రాన వాస్తవం పట్టుబడదనీ, ఎన్నిక ఉండాలనీ చెబుతూ వచ్చాం. విశాఖ మండలంలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా ఒకటి విజయనగరం మహారాజు తయారు చేయించారనీ, అందులో వెయ్యికి పైగా పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయనీ గురజాడ 1897 నాటి పీఠికలో చెప్పాడు. నాటకంలోని అగ్రహారం ఆ జాబితాలో ఉన్న ఫలానా ఇల్లు కాదు. అయినా అది అబద్ధమని ఎవరూ అనలేదు. వెయ్యి ఇళ్లలో మళ్లీ మళ్లీ కనిపించేదేదో అందులో నిలబడింది. విచిత్రమేమిటంటే, మనం నిందగా వాడిన ఫోటోయే ఇవాళ ఎన్నిక మీదా సగటు మీదా ఆధారపడి నిజాన్ని పట్టుకుంటున్నది.

పూర్వం ఫోటో పలకల మీద దిగిన బొమ్మలు ఇంతకన్నా నిజమైనవని కొందరికి భ్రమ. అమెరికాలో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర 1894లో వేధశాల పెట్టిన పెర్సివల్ లోవెల్, అంగారకుడి మీద బుద్ధిజీవులు తవ్విన కాలువలు ఉన్నాయని నమ్మాడు. 1905లో అతని సహాయకుడు లాంప్లాండ్ అంగారకుణ్ణి ఫోటోలు తీశాడు. కాలువలు పలక మీదికే ఎక్కాయి, ఇంక వాదమెందుకన్నాడు లోవెల్. ఆ బొమ్మలు వేలిగోరుకన్నా చిన్నవి. కాలువలను నమ్మినవారికి అందులో గీతలు కనిపించాయి, నమ్మనివారికి కనిపించలేదు. 1909లో పారిస్ దగ్గరి మ్యూడన్‌లో 83 సెంటీమీటర్ల కటకంతో చూసిన ఆంటోనియాడికి కాలువల చోట చెదురుమదురు మచ్చలు కనిపించాయి. 1965 జులైలో మారినర్ 4 నౌక పంపిన 22 బొమ్మల్లో గుంటలున్నాయి తప్ప కాలువల జాడ లేదు. లోవెల్ మోసగాడు కాడు, కంప్యూటరూ లేదు. అయినా తప్పు జరిగింది.

ఆ మారినర్ బొమ్మల సంగతి ఇంకా చిత్రమైనది. నౌక పంపినవి అంకెలు. కంప్యూటరు బొమ్మ కట్టే దాకా ఆగలేక కాలిఫోర్నియాలోని ప్రయోగశాల సిబ్బంది ఆ అంకెల కాగితాలను గోడకు అతికించి, అంకెను బట్టి రంగు సుద్దలతో చేత్తోనే రంగులు వేశారు. మొత్తం మనిషి చెయ్యి పడిన బొమ్మ అది. అయినా అబద్ధం కాదు. ఏ అంకెకు ఏ రంగో అక్కడే రాసివుంది. ఎవరైనా ఆ అంకెలు తీసుకుని మళ్లీ వేసి చూసుకోవచ్చు. అంచేత తేడా అంతా చెయ్యి పడిందా లేదా అన్న దాంట్లో లేదు. వెలుగు నుంచి బొమ్మ దాకా నడిచిన దారి తెరిచి ఉందా, ఆ దారిన ఇంకొకరు నడిచి రాగలరా అన్న దాంట్లో ఉంది.

ఔత్సాహికుల ఫోటోలకు విలువ వచ్చింది కూడా ఇందువల్లనే. 2009 జులై 19న ఆస్ట్రేలియాలోని మురంబేట్‌మన్ అనే ఊళ్లో ఆంథొనీ వెస్లీ, పద్నాలుగున్నర అంగుళాల టెలిస్కోపుతో గురుడి దక్షిణ ధ్రువం దగ్గర కొత్తగా ఒక నల్లమచ్చ చూశాడు. ఏదో వస్తువు వచ్చి ఢీకొన్న గుర్తు అది. అతని మాట నమ్మమని అతనెవరినీ బతిమాలలేదు, ఇతరులకు కబురు చేశాడు. హవాయిలోని నాసా పరారుణ టెలిస్కోపు అదే చోటును చూసింది. కొద్ది రోజులకే హబుల్ కూడా ఫోటో తీసింది. 2010 జూన్ 3న గురుడి మీద మెరిసిన మెరుపును వెస్లీ ఒక చోట, ఫిలిప్పీన్స్‌లో క్రిస్టఫర్ గో మరో చోట, ఎవరికి వారు వీడియోలో పట్టారు. ఒకరి కంప్యూటరులో పుట్టిన భ్రమ సముద్రం దాటి ఇంకొకరి కంప్యూటరులో అదే క్షణాన పుట్టదు.

దీన్ని బట్టి ఔత్సాహికులంతా సత్యసంధులని చెప్పటం లేదు. పదును మితిమీరితే అంగారకుడి వెలుగు అంచు లోపల లేని గీత ఒకటి ప్రత్యక్షమవుతుంది. మెప్పు మీద మోజు ఉన్నవాడు దాన్నీ వివరమనే అంటాడు. నిజాయితీగా చేసిన పని కూడా దారి చెరిగిపోతే అబద్ధానికే చేరుతుంది. 1989లో వాయేజర్ 2 తీసిన నెప్ట్యూన్ బొమ్మల్లో మబ్బులు తేలిగ్గా తెలియటం కోసం తేడాలను పెంచి చూపారు. ఆ సంగతి బొమ్మల కింద చెప్పారు కూడా. కాలక్రమాన కింది మాట రాలిపోయింది, ముదురు నీలం నిలిచిపోయింది. యురేనస్ లేత ఆకుపచ్చ, నెప్ట్యూన్ ముదురు నీలం అని పాఠం తయారయింది. 2024 జనవరిలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పాట్రిక్ ఇర్విన్ బృందం లెక్కలు వేసి, రెండూ ఇంచుమించు ఒకే లేత ఆకుపచ్చ నీలమనీ, నెప్ట్యూన్ కాస్త ఎక్కువ నీలమనీ చూపింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కింది మాట బొమ్మలో భాగమని మరిచారు, అంతే.

ఇక అసలు చిక్కుకు వస్తాను. 2023 మార్చిలో ఒక వినియోగదారుడు చంద్రుడి బొమ్మను కావాలని మసక చేసి, కంప్యూటరు తెర మీద పెట్టి, చీకటి గదిలో దూరం నుంచి శాంసంగ్ ఫోనుతో ఫోటో తీశాడు. తెర మీద లేని గుంటలూ మచ్చలూ ఫోటోలో వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టగానే తమ ఫోను కృత్రిమ మేధతో వివరాలను మెరుగు పరుస్తుందని కంపెనీయే వివరణ ఇచ్చింది. ఆ వివరాలు ఆ రాత్రి వెలుగు తెచ్చినవి కావు, అంతకు ముందు చూసిన చంద్రుళ్ల నుంచి యంత్రం నేర్చుకున్నవి.

ఔత్సాహికుడి గణితంలో కూడా కొన్ని ఊహలున్నాయి కదా, రెండింటికీ తేడా ఏమిటని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఔత్సాహికుడి గణితానికి మసక ఎలా ఏర్పడుతుందో తెలుసు, గురుడు ఎలా ఉండాలో తెలియదు. అంచేత 2009 నాటి మచ్చ లాంటిది, ఎవరూ ఎదురు చూడనిది, అందులోకి రాగలిగింది. గురుడు ఎలా ఉండాలో ముందే నేర్చిన యంత్రానికి ఆ మచ్చ గరుకుగా తోచవచ్చు, దాన్ని చెరిపి మనకు నిన్నటి గురుణ్ణే ఇవ్వవచ్చు. మనల్ని కాదనే హక్కు ప్రపంచానికి ఏ బొమ్మలో మిగిలివుంటుందో ఆ బొమ్మే సాక్ష్యం. తెలిసినదాన్నే తిరిగి అప్పజెప్పేది ఎంత అందంగా ఉన్నా సాక్ష్యం కాదు. ఇది ఆకాశానికి మాత్రమే పరిమితమైన సూత్రం కాదని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

దీంట్లో ఆస్తి ప్రశ్న కూడా ఉంది. గురుడి చుట్టూ తిరిగే జూనో నౌక కెమెరా తీసిన ముడి బొమ్మలను 2016 నుంచి అందరికీ ఇస్తున్నారు. ఎవరైనా వాటిని తయారు చేసుకోవచ్చు, ఇంకొకరు చేసినదాన్ని తప్పుపట్టవచ్చు. ఫోను లోపలి దారి కంపెనీ సొత్తు. దాన్ని మనం చీకటి గదిలో మాయోపాయంతో పరీక్షించవలసి వచ్చింది. "ఏదీ నమ్మను" అనే పెద్దమనిషి తాను తిరుగుబాటు చేస్తున్నాననుకుంటాడు కాని, తెరిచిన దారికీ మూసిన దారికీ తేడా లేదనటం వల్ల మూసినవాడికే మేలు చేస్తున్నాడు.

కనక అధ్యాపకులు గ్రహాల బొమ్మను తరగతిలో చూపేటప్పుడు కింది మాటను కూడా చూపాలి: ఎవరు, ఎప్పుడు, దేనితో తీశారు, ఎన్ని ఫ్రేములు పారేశారు, రంగు ఎలా పెంచారు. ఆ మాట లేని బొమ్మను అలంకారంగా గోడకు తగిలించుకోవచ్చు, పాఠంగా చెప్పరాదు. బొమ్మలు తీసే విద్యార్థులు ముడి వీడియోను దాచుకోవాలి, అడిగినవారికి ఇవ్వాలి. ఇంకొకరు అదే వీడియో నుంచి వేరే బొమ్మ తీసి చూపితే దాన్ని అవమానంగా తీసుకోరాదు. పని సగంలో ఉందనీ, రెండో మనిషి వచ్చి చెయ్యి వేశాడనీ అనుకోవాలి.