నిద్రయు భగవత్ప్రసాదమే

అన్నము, నీరు, గాలి వలెనే నిద్రయు భగవంతుడు జీవులకిచ్చిన వరము. దేహమును నిలుపు ఊతములు మూడనియు, అవి ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యమనియు చరకసంహిత చెప్పుచున్నది. అతిగా నిద్రించువానికిని, బొత్తిగా నిద్ర మానినవానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున ఉపదేశించెను. కనుక నిద్రలేమిని గూర్చిన విచారణ భక్తిమార్గమునకు వెలియైనది కాదు.

మహాభారతమున ఉద్యోగపర్వములో ప్రజాగరమను ఉపపర్వమొకటి కలదు. ప్రజాగరమనగా మేలుకొని యుండుట. పాండవుల యొద్దనుండి తిరిగివచ్చిన సంజయుడు, వారి మాటలను మరునాడు సభలో చెప్పెదనని సెలవు తీసికొనెను. రేపు ఏమి వినవలసివచ్చునో యను దిగులుతో ధృతరాష్ట్రునకు ఆ రాత్రి కునుకు పట్టలేదు. విదురుని పిలిపించుకొని తన బాధ చెప్పుకొనెను. నిద్ర యెవరికి పట్టదో విదురుడు అప్పుడు వివరించెను: బలవంతుడు మీదపడిన దుర్బలునకు, సాధనసంపత్తి లేనివానికి, సొమ్ము పోగొట్టుకొన్నవానికి, కామాతురునకు, దొంగకు.

ఈ మాటను మనము నిదానముగా గమనింపవలెను. ఈ ఐదుగురిలో తప్పుదారి పట్టినవారు కడపటి ఇద్దరే. తక్కిన మువ్వురు కష్టములో నున్నవారు. నిద్రపట్టక అల్లాడువారిని చూచి, ఏ జన్మలో ఏ పాపము చేసితిరో యనుట కొందరికి అలవాటు. విదురుడు అట్లు నిందింపలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తగా వేలమంది ప్రాణములు కోల్పోయిరి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మున్నగు పేటలు నీట మునిగెను. అట్టి ఆపదను చూచినవారికి అటుపిమ్మట వాన చప్పుడు విన్నంతనే గుండె ఝల్లుమని మెలకువ వచ్చినచో అందు వింత యేమున్నది? దెబ్బతిన్న మనస్సు రాత్రియు కాపలా కాయుచున్నది. వారికి మన సానుభూతియు, తోడును కావలెను.

ధృతరాష్ట్రుని నిద్రలేమి మాత్రము వేరు విధమైనది. విదురుడు ఆ రాత్రి ఎన్నో నీతులు బోధించి, పాండవుల భాగమును వారికిమ్మనెను. అది ధర్మమేనని రాజు ఒప్పుకొనెను. అయినను దుర్యోధనుని చూడగానే తన బుద్ధి మారిపోవుచున్నదనెను. విడువవలసినదానిని విడువనివానికి ఎంత హితవు విన్నను మనశ్శాంతి కలుగదు.

మరియొక రాజు వృత్తాంతము మన కృష్ణాతీరముననే కలదు. కళింగ దండయాత్రలో విజయవాటికకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు, ఘంటసాలకు సమీపమునగల శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, ఏకాదశీ ఉపవాసముండెను. ఆ రాత్రి నాలుగవ జామున చిన్న కునుకు పట్టగా స్వామి కలలో సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణకథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెను. ఆముక్తమాల్యద అవతారికలో రాయలే ఈ సంగతి చెప్పుకొనెను. దండు నడుపు రాజునకు చింతలు తక్కువ యుండునా? ఆ భారమును స్వామి సన్నిధిలో దించినవానికి కొద్దిపాటి నిద్రయు దర్శనమునకు ద్వారమైనదని మనము గ్రహింపవచ్చును.

విజయవాడకు ఆవలి యొడ్డున ఉండవల్లి గుహాలయములో అనంతశయనుడు ఏకశిలా రూపమున పవళించియున్నాడు. ఆయనది యోగనిద్ర. కన్నులు మూసియు లోకములను కాచుచుండును. కాచువాడొకడుండగా, రాత్రి మనము కూడ మేలుకొని కాయవలసిన దేమి? నిద్ర బలవంతముచేత వచ్చునది కాదు. పట్టవలెనని ఆరాటపడినకొలది దూరమగును. నేటి వైద్యులును ఇదే చెప్పుచున్నారు. శరణాగతుడు తన రక్షణభారమును స్వామికి అప్పగించినట్లే, పడుకొనబోవువాడు ఆ దినపు లెక్కలను ఆయన పాదములకడ ఉంచవలెను.

అయితే శరణాగతి పేరుతో నియమమును విడువరాదు. తిరుమలలో రాత్రి ఏకాంతసేవవేళ స్వామిని పవళింపజేసి, అన్నమాచార్యుని లాలిపాట వినిపింతురు. ఉదయము సుప్రభాతముతో మేల్కొలుపుదురు. గృహస్థునకు ఇంతకు మించిన దినచర్య యేది? చీకటి పడగా మన మెదడులో మెలటోనిన్ అను స్రావము ఊరి, నిద్రకు వేళయైనదని తెలుపును. సెల్‌ఫోను, దీపముల వెలుగు దానిని అణచును. దేహములోని ఈ కాలచక్రము నడచు తీరును కనుగొన్న మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. కావున పడకకు గంట ముందే సెల్‌ఫోను పక్కనబెట్టి దీపములు తగ్గించుట మేలు. సాయంకాలము తరువాత కాఫీ, టీలు మానవలెను. పగటి కునుకు అరగంట దాటరాదు. రాత్రి ఎప్పుడు పడుకొన్నను ఉదయము ఒకే వేళకు లేవవలెను. తైలమర్దనము, స్నానము, పాలు, మనస్సునకు హితమైన మాటలు నిద్రకు తోడ్పడునని చరకుడు చెప్పెను.

పెద్దలకు ఏడు గంటల నిద్రయైనను ఉండవలెను. బ్రాహ్మీముహూర్తమున లేవగోరువారు తొమ్మిదింటికే పవళింపవలెను. పదకొండింటివరకు మేలుకొని నాలుగింటికి లేచుట దేహమునొద్ద అప్పు చేయుటయే. వైకుంఠ ఏకాదశి జాగరణ ఒక్కరాత్రి వ్రతము. రోగులు, వృద్ధులు శక్తిని మించి చేయరాదు.

పడుకొన్న ఇరువది నిమిషములకును నిద్ర రానిచో గడియారము చూడక లేచి, మసక వెలుగులో కూర్చుండి నామజపము చేయుడు. కన్నులు బరువెక్కినపుడు మరల పడకకు పొండు. వారమునకు మూడు రాత్రులైనను నిద్ర పట్టని స్థితి మూడు నెలలు సాగినచో వైద్యుని కలియవలెను. గురకపెట్టుచు నడుమ ఊపిరి ఆగువారును, జీవితముపై విరక్తి కలిగినవారును అంతవరకు ఆగక వెంటనే చూపించుకొనవలెను. వైద్యుని ఆజ్ఞలేక నిద్రమాత్రలు మ్రింగరాదు. ధన్వంతరియు శ్రీమన్నారాయణుని అవతారమే గనుక మందు పుచ్చుకొనుట విశ్వాసలోపము కాదు.

విడువదగినదానిని విడుచు బుద్ధిని, బాధపడువారికి తోడు నిలుచు హృదయమును, రాత్రి నిశ్చింతయైన నిద్రను, ఉదయము తన నామముతో మెలకువను ఆ అనంతశయనుడు మనకందరకు ప్రసాదించుగాక!