సంతవీధిలో నిలబడ్డవాళ్ళు

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథ మా గుంటూరు సంఘంలో చిన్నప్పటినుంచీ వింటున్నాను. యజమాని తెల్లారగానే కొందరిని కూలికి పిలుస్తాడు. తొమ్మిదింటికి, మధ్యాహ్నం, మూడింటికి, ఆఖరికి పొద్దుగూకే ముందు ఐదింటికి మళ్ళీ వెళ్ళి ఇంకొందరిని తెస్తాడు. అందరికీ ఒకటే కూలి, ఒక దేనారం. ప్రసంగాలన్నీ ఆ దేనారం దగ్గరే ఆగుతాయి. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పూర్తిచేసి, రిజిస్ట్రేషన్ చేతికొచ్చి, ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న నా మనసు మాత్రం ఐదింటిదాకా సంతవీధిలో నిలబడ్డవాళ్ళ దగ్గర ఆగింది. ఎందుకు ఖాళీగా ఉన్నారని అడిగితే, తమను ఎవరూ పనికి పెట్టుకోలేదన్నారు వాళ్ళు. యజమాని ఆ మాటను కాదనలేదు. విశ్వాసం చాలలేదేమో అని మందలించనూ లేదు.

సేవకు దేవుడే పిలిచాడని నమ్మి ఈ చదువులోకి వచ్చాను. దీపం పట్టుకుని ప్రమాణం చేశాను. పిలిచింది ఆయనైతే, తలుపు తియ్యనిది ఎవరు?

"దేవుని సమయం రావాలమ్మా, ఓపిక పట్టు" అంటారు పాస్టరు గారు. ఓపికకు మాకు చూపించే ఉదాహరణ ఫ్లోరెన్స్ నైటింగేల్. 1837లో, పదహారేళ్ళ వయసులో, దేవుడు తనను పిలిచాడని రాసుకుంది. నర్సింగ్‌లో మొదటి బాధ్యత దొరికింది 1853లో. నిజమే. అయితే ఆ పనికి జీతం లేదు. ఆమె బతుకుతెరువుకు వాళ్ళ నాన్న ఏడాదికి 500 పౌండ్లు ఏర్పాటు చేశాడు. మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. కిలోల లెక్కన కూలి. రాత్రి అన్నం కలుపుకోబోతే వేళ్ళు మండుతాయి. నా ఓపికకయ్యే ఖర్చు ఆమె భరిస్తోంది. ద్రాక్షతోట కథ గురించి అమ్మ ఒకసారి అంది: "ఐదింటిదాకా నిలబడటం కూడా కష్టమేనే. పని దొరకని రోజే ఒళ్ళు ఎక్కువ నొప్పులు."

ఇంటర్వ్యూలో ఫైలు తెరవకముందే అడుగుతారు, ఫ్రెషరా అని. ట్రైనింగ్‌లో చేసిన రాత్రి డ్యూటీలు, ఇంజెక్షన్లు, ప్రసవాలు లాగ్‌బుక్కులో సంతకాలతో ఉన్నాయి. అవి అనుభవం కిందికి రావట. ఎయిమ్స్ వాళ్ళ నర్సుల నియామక పరీక్ష నార్సెట్ రాయాలన్నా మా జీఎన్ఎం వాళ్ళకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళు చేసి ఉండాలి. నన్ను రమ్మన్న నర్సింగ్ హోమ్‌లో ఉన్నవి ముప్పై పడకలు. అక్కడ ఎన్నేళ్ళు చేసినా ఆ పరీక్షకు పనికిరాదు. 50 పడకల్లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 2016లో సిఫారసు చేసింది. ఈ నర్సింగ్ హోమ్ వాళ్ళు ఇస్తామన్నది అందులో సగం కూడా లేదు. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో పెట్టాలట.

అనుభవం అడగడమే తప్పని నేననను. బీపీ పడిపోతున్న మనిషి పక్కన తడబడే చెయ్యి ఒంటరిగా ఉండకూడదు. ఆ మనిషి ప్రాణం నా ఉద్యోగం కంటే పెద్దది. కానీ ఐదింటికి వచ్చినవాళ్ళకు యజమాని వేరే తోట చూపించలేదు. పొద్దున్నుంచీ చేస్తున్నవాళ్ళు ఉన్న తోటలోకే పంపాడు. పసిబిడ్డ చేతికి క్యాన్యులా ఎలా పెట్టాలో నాకు ఒక సీనియర్ సిస్టర్ నేర్పింది. కంటికి కనబడని నరం వేలికి దొరుకుతుందని, తొందరపడకుండా తడిమి చూడమని నా వేలు పట్టుకుని చూపించింది. అలాంటి మనిషి పక్కన నిలబడనివ్వకుండా అనుభవం ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? అనుభవం ఉన్నవాళ్ళే కావాలనే ఆసుపత్రి, ఇంకెక్కడో ఎవరో ఓపిగ్గా నేర్పినదాన్ని వాడుకుంటోంది. తన వంతు నేర్పడం లేదు.

మా ఊళ్ళో కుగ్లర్ ఆసుపత్రి కట్టించిన డాక్టర్ అన్నా శారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. వైద్యం చదివి వచ్చిన మనిషిని మిషన్ వాళ్ళు మొదట డాక్టరుగా నియమించలేదు, ఇళ్ళలో ఆడవాళ్ళకు చదువు చెప్పమన్నారు. వైద్య మిషనరీగా నియామకం రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆసుపత్రి తెరిచింది 1898లో. ఆమెకు దేవుని పిలుపు ఉందని ఈ ఊళ్ళో ఎవరూ సందేహించరు. ఆ పిలుపు కూడా ఒక కమిటీ సంతకం కోసం ఆగింది. ఆ ఆలస్యాన్ని దేవుని సమయం అనడానికి నాకు మనసొప్పదు. మనుషులు చేసిన ఆలస్యం మనుషులదే. కథలో యజమాని ఇంట్లో కూర్చోలేదు, ఒక్క రోజులో అయిదుసార్లు లేచి సంతవీధికి వెళ్ళాడు. పిలవడంలో సగం బరువు తోట ఉన్నవాళ్ళ మీద ఉందని నేను నమ్ముతున్నాను. ఉపవాస ప్రార్థనలో ఇప్పుడు నాకు ఓపిక ఇమ్మని అడగడం మానేశాను. వాళ్ళను లేపమని అడుగుతున్నాను.

ఇంటర్వ్యూకి వెళ్తే జీతం కంటే ముందు, మొదటి నెలల్లో రాత్రి డ్యూటీకి నా పక్కన సీనియర్ ఉంటారా అని అడుగుతున్నాను. చాలామందికి చిరాకొస్తోంది. మొన్న విజయవాడలో ఒక మేట్రన్ మాత్రం ఫైలు మళ్ళీ తెరిచి, ముందు ఏ వార్డులో నేర్చుకోవాలనుందని అడిగింది. మెడికల్ వార్డు అని చెప్పాను.