యోసేపు గిడ్డంగి



మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి ధర పలికేది వ్యాపారుల పాటను బట్టి. జనగామలో వడ్లకు మద్దతు ధర ప్రకటించేది కేంద్ర ప్రభుత్వం. భూపాలపల్లి బొగ్గు చాలావరకు ముందుగా కుదిరిన ఒప్పందాల మేరకే విద్యుత్ కేంద్రాలకు పోతుంది. సంత మేలా, ప్రణాళిక మేలా?

ఆదికాండము 41వ అధ్యాయం తెరవండి. ఏడేండ్ల సమృద్ధిలో పంటలో ఐదవ వంతు యోసేపు నిల్వ చేయించాడు. కరువులో ఐగుప్తు బ్రతికింది. 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకు ఇచ్చినప్పుడు మన కూలీల ఇండ్లలో అన్నం ఉడికింది గదా! కొనలేని వాని అవసరం సంతకు కనబడదని 1991 నాటి 'చెంతేసిముస్ ఆన్నుస్' విశ్వలేఖలో రెండవ జాన్ పాల్ పోపుగారు బోధించారు. సంత సామర్థ్యాన్ని కూడ అందులోనే ఒప్పుకున్నారు. ఆ మాట మనం చప్పున దాటేస్తాము.

47వ అధ్యాయం దాకా చదివేవారు తక్కువ. అదే గిడ్డంగి ముందు ప్రజలు మొదట డబ్బు, తరువాత పశువులు, చివరకు పొలాలను, తమను తామే ఫరోకు అమ్ముకున్నారు. ఆ ధాన్యం వారు పండించినదే! తాళంచెవి మాత్రం ఒక్కచోట ఉన్నది.

కాబట్టి ఈ వారం మీ ఊరి కొనుగోలు కేంద్రానికి వెళ్ళండి. బస్తాకు తరుగు పేరిట ఎన్ని కిలోలు తీస్తున్నారో, రేషన్ షాపులో తూకం ఎవరు సరిచూస్తున్నారో అడిగి రండి.