నాన్న మాట నా నోటితో



మొయినాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీ గుడి మీలో చాలామందికి తెలిసిందే. హుండీ ఉండదు. కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. మొన్న నా 108 కోసం నాన్నతో వెళ్లాను. మా ముందు చీర కట్టుకున్న ఒక ట్రాన్స్‌జెండర్ భక్తురాలు, చేతిలో 108 గళ్ల కార్డు పట్టుకుని తిరుగుతోంది. నాన్న పక్కకు జరిగి దూరంగా నడిచారు.

తిరిగి చేవెళ్లకు వస్తుంటే, మర్రిచెట్ల రోడ్డు మీద గొడవ మొదలైంది. శిఖండి, బృహన్నల, 2014 సుప్రీంకోర్టు తీర్పు, ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో చేరిన ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు... అన్నీ గడగడా చెప్పేశాను. నాన్న ఒకటే అన్నారు: "నువ్వు చెప్పింది నేనిన్న. నేనేమంటున్ననో నువ్వొక్కసారన్నా ఇన్నవా బిడ్డా?"

వినలేదు, నిజమే.

మన శాస్త్రాల్లో వాదనకి ఒక పద్ధతి ఉంది. ముందు ఎదుటివారి పక్షాన్ని వాళ్లకంటే బాగా చెప్పాలి. అదే పూర్వపక్షం. తర్వాతే సిద్ధాంతం. రామానుజాచార్యులు శ్రీభాష్యంలో అద్వైతాన్ని ఖండించే ముందు దాన్ని ఎంత వివరంగా చెప్పారంటే, ఆ భాగానికి మహాపూర్వపక్షం అనే పేరే ఉంది. నేనేమో నేరుగా సిద్ధాంతంలోకి దూకేశాను.

అందుకే ఈసారి అడిగాను. మా గృహప్రవేశం రోజు కొందరు వచ్చి డబ్బు అడిగారట. అంత ఇవ్వలేమంటే ఇంటి ముందే శాపాలు పెట్టారట. అమ్మ ఆ రోజంతా ఏడ్చిందట. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను, నాకెవరూ చెప్పలేదు. ఇంకో మాట కూడా అడిగారు: "ఎవరికి వాళ్లు చెప్పుకుంటే సరిపోతదా?" ఇది నాన్న ఒక్కరి సందేహం కాదు. స్వయంగా నిర్ణయించుకునే హక్కుందని 2014 తీర్పు చెప్పింది. 2019 చట్టమేమో జిల్లా మేజిస్ట్రేట్ ధ్రువపత్రం కావాలంది.

ఈ రెండూ నా మాటల్లో తిరిగి చెప్పాను. "ఆ, గదే" అన్నారు. అప్పుడు నా వంతు వచ్చింది.

నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించే చట్టం తెచ్చారు. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023లో కొట్టేసింది. బయట కనిపించడమే నేరమైతే, పనెవరిస్తారు? పని దొరకనివాళ్లు ఎలా బతకాలి? అమ్మ కన్నీళ్లు నిజం, ఆ శాపాలు తప్పే. కానీ ఆ తప్పు ఆ రోజు వచ్చినవాళ్లది. గుడిలో కనిపించినామె మన ఇంటికి రాలేదు కదా నాన్నా!

నాన్న ఒప్పుకోలేదు. కొట్టిపారేయనూ లేదు. చేవెళ్ల వచ్చాక, దిగుతూ అన్నారు: "నూటెనిమిది తిరుగుతున్నదంటే... ఆమెకు గూడ ఏదో కోరిక తీరినట్టే గదా."

ఈ వారం మీరూ ప్రయత్నించండి. ఇంట్లో మీతో గొడవపడేవాళ్ల మాటని, వాళ్లు "అదే" అనేదాకా మీరు చెప్పండి. మీ మాట ఆ తర్వాత.

ఓం నమో వేంకటేశాయ.