పండిన రంగు, పండని కాయ

వానలు వెనుకబట్టి, చలి యింకను ముదరకముందు అనంతగిరి, అరకు కొండలలో సీతాఫలములు చేతికి వచ్చును. కొండ గ్రామముల స్త్రీలు వాటిని గంపల కెత్తి ఘాటు రోడ్డు ప్రక్కకును, వారపు సంతలకును తెచ్చి అమ్ముకొందురు. ఏ కాయ కోయవలెనో వారికి ఎవరును బోధింపనక్కరలేదు. కాయమీది కన్నులు ఒకదానినుండి యొకటి విడివడి, వాటి నడుమ గాడి లేతపసుపు తిరిగినచో కాయ పరువమునకు వచ్చినట్లు. అట్టి కాయ కోసిన మూడు నాలుగు దినములలో మెత్తబడి తియ్యనగును. కన్ను విచ్చకముందే కోసినది సరిగా పండదు. నల్లబడి రాయివలె గట్టిపడును. ఇది తెలిసియు కన్ను విచ్చని కాయ గంపలోనికి ఏల చేరుచున్నది? పండు విషయమై తొందరపడుట తప్పా? తప్పయినచో అది ఎవరిది? ఈ మాసము మనము దీనిని ఆలోచించుదము.

ముందుగా పండుట యనగా ఏమో తెలిసికొందము. పరువమునకు వచ్చిన కాయలో పిండి నిలువయుండును. పండునప్పుడు అది చక్కెరగా మారును, పులుపు తగ్గును, కండ మెత్తబడును, ఆకుపచ్చ విరిగి పసుపో ఎరుపో బయటపడును, వాసన పుట్టును. ఇవన్నియు కలిసి నడచినప్పుడే అది పండు. మామిడి, అరటి, సీతాఫలము, పనస మొదలగునవి కోసిన తరువాతను పండగలవు. నారింజ, ద్రాక్ష, దానిమ్మ, అనాస అట్లు కావు. కోసిననాటి తీపియే వాటి తీపి. మొదటి తరగతి పండ్లను నడిపించునది ఎథిలీన్ అను వాయువు. మొక్కలమీద దీని ప్రభావమును 1901లో రష్యా శాస్త్రజ్ఞుడు నెల్యుబొవ్ తెలియజేసెను. పండ్లే దీనిని పుట్టించునని 1934లో ఇంగ్లండులో గేన్ ఋజువు చేసెను. మన పెద్దలు ఈ పేరెరుగకయే మామిడికాయలను గడ్డిలో మగ్గవేసిరి, అరటి గెలలకు పొగ బెట్టిరి. గడ్డి ఆ వాయువును పోనీయక పట్టియుంచును. పొగలోను అది కొంత కలదు.

కావున పండుటకు తోడ్పడుట తప్పుకాదు. ఆమోసు ప్రవక్త తాను పశువుల కాపరిననియు, మేడిచెట్ల పనివాడననియు చెప్పుకొనెను. మన తెలుగు బైబిలులో పండ్లు ఏరుట అని యున్నది. ప్రాచీన గ్రీకు అనువాదములో వాటిని గీరుట అను భావము కలదు. మేడికాయలను ఇనుప పనిముట్టుతో గీరనిదే పండవనియు, గీరిన నాలుగవ దినమున పండుననియు క్రీస్తుకు పూర్వమే గ్రీకు పండితుడు థియొఫ్రాస్టస్ వ్రాసెను. గాయపడిన కాయ ఎథిలీనును విడుచునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ప్రవక్త చేతిపని ఇట్టిదే యైనచో, ఆయన కాయను తొందరచేసెనే గాని తినువానిని మోసగింపలేదు. లోపల సిద్ధమైయున్న దానినే లేపెను.

కార్బైడు మాట వేరు. వెల్డింగు పనికి వాడు ఈ రాతిముక్కలు తేమ తగిలినంతనే అసిటిలీన్ వాయువును విడుచును. అది ఎథిలీనువలె పనిచేసి తొక్కకు రంగు తెచ్చును. లేత మామిడికాయకు దీనిని పెట్టినచో తొక్క పసుపెక్కును గాని టెంకయొద్ద పులుపు మిగులును, వాసన పుట్టదు. ఆ రాతిలో ఆర్సెనిక్, ఫాస్ఫరసుల జాడలుండును. కాయలు సర్దు కూలివాడే ఆ గాలిని మొదట పీల్చును. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు పండ్లకు కార్బైడు వాడుటను నిషేధించుచున్నవి. 2016లో ఎథిలీన్ వాయువును పదిలక్షల పాళ్లలో 100 పాళ్లకు మించకుండ వాడుటకు అనుమతి వచ్చెను. చట్టము త్వరపెట్టుటను నిషేధింపలేదు, విషమును నిషేధించెను. అయితే చట్టము పట్టలేని మాట యొకటి మిగిలియున్నది. అనుమతి పొందిన వాయువుతోనైనను లేతకాయకు రంగు తెచ్చి అమ్మినచో ఆ రంగు అబద్ధమాడుచున్నది. లోపలి పని ముగిసినదని బయటికి చెప్పు సాక్ష్యమే రంగు. అబద్ధసాక్ష్యము కూడదను ఆజ్ఞ నాలుకకు మాత్రమే గాక అమ్మకమునకును వర్తించును.

ఇట్లని చెడిన ప్రతి పండు వెనుక మోసగాడున్నాడని తలంపరాదు. కొంకణపు ఆల్ఫాన్సో మామిడిలో, పైకి మచ్చయైనను లేక, కోసి చూచినప్పుడు కండ తెల్లగా దూదివలె పుల్లగా నుండు లోపము కలదు. పురుగు లేదు, తెగులు లేదు. నేలనుండి లేచు వేడిమియు, టెంకలోని విత్తు ముందుగానే మొలకకు సిద్ధపడుటయు కారణములని పరిశోధకులు చెప్పుదురు. చెట్లక్రింద గడ్డి, ఆకులు పరచినచో అది తగ్గును. ఉత్తర దేశములో ఇటుక బట్టీల దాపున నున్న తోటలలో మామిడికాయ కొన నల్లబడి చెడిపోవును. దానికి కారణము బట్టీ పొగ. రైతు చేసిన పాపమేమియు లేదు. పొరుగున లేచిన పొగ అతని కాయలో కనబడుచున్నది. ఫలమును చూచి చెట్టును తెలిసికొనుడని ప్రభువు నేర్పినది కపట బోధకులను గూర్చి. నష్టపడిన రైతును గద్దించుటకు కాదు.

ఇక కన్ను విచ్చని సీతాఫలము సంగతి. పండిన సీతాఫలము రెండు దినములకు మించి నిలువదు. ఫ్రిజ్‌లో పెట్టినను తొక్క నల్లబడును. మెత్తని కాయ ఘాటు రోడ్డు కుదుపులకు నలిగిపోవును. శృంగవరపుకోటకో విశాఖపట్టణమునకో చేరవలెనన్న గట్టికాయయే కావలెను. అమ్ముడుపోని గంపను సాయంకాలము తిరిగి కొండమీదికి మోయుటకంటె అడిగిన ధరకిచ్చుట మేలని అమ్ము స్త్రీ యెంచును. ఆ సంగతి కొనువానికిని తెలియును. దీనికి తోడు నేనాగినచో ఇంకొకరు కోసికొందురను భయము. లేతకాయ కోయుట తప్పే. కాని ధర తెగగొట్టినవానికిని, ఋతువునకు ముందే పండు కోరినవానికిని ఆ తప్పులో పాలు కలదు.

మన కొండలలోనే దీనికి దృష్టాంతము కలదు. కాఫీ కొమ్మమీది పండ్లన్నియు ఒక్కసారి ఎఱ్ఱబారవు. మూడు నాలుగు మారులు తిరిగి ఎఱ్ఱనివి మాత్రమే ఏరవలెను. పచ్చివాటిని కలిపి దూసివేసినచో పని తేలిక, రుచి చేటు. ఎఱ్ఱని పండునకు మంచి ధర దొరకు చోట రైతు ఓపికతో ఏరును. అరకు లోయ అరబికా కాఫీ 2019లో భౌగోళిక గుర్తింపు పొందినదన్నచో ఆ ఓపికకును అందులో భాగము కలదు. సీతాఫలము కోయు చేతులును ఆ కొండవారివే.

లేవీయకాండములో క్రొత్తగా నాటిన చెట్టు ఫలములను మూడేండ్లు తినరాదనియు, నాలుగవ యేటివి దేవునివనియు, అయిదవ యేట తినవచ్చుననియు నియమము కలదు. అది ఒక యింటికి గాక జనమంతటికి ఇయ్యబడినది. మన గిరిజనులలో కొత్తల పండుగలు పూర్వమునుండి కలవు. మామిడి కొత్త జరుగువరకు ఆ కాయ ముట్టరు. ఆ పూజలలో మనము పాలుపొందకపోయినను, అందరును కలిసి ఆగుట యను బుద్ధిని గౌరవింపవలెను. ఒక్కడే ఆగినచో బీదవాడు నష్టపడును; ఊరంతయు ఆగినచో ఎవరికిని నష్టము లేదు.

కావున ప్రియులారా, ఈ కోతకాలమున కొనువారు కన్ను విచ్చిన కాయనే అడిగి, దానికి తగిన వెల బేరమాడక ఇయ్యవలెను. అమ్మువారు విచ్చని కాయను చెట్టుననే విడువవలెను. గ్రామ సంఘ పెద్దలు పొరుగువారితో కూడి కోత దినమును నిర్ణయించినచో, ఇంకొకరు కోసికొందురను భయము మొదట తొలగును. అది తొలగిన పిమ్మట చెట్టు తన పని తాను ముగించును.